గాలి అందరిది, ఖర్చు ఆఖరి ఓనరుదా?

(నల్లగొండలో చిన్న లారీ యజమానులు, డ్రైవర్లు, విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను లోపలికి వస్తుంటే బయట చింతచెట్టు కింద ఒక లారీ ఆగి ఉన్నది. ఏపీ 24 నంబరు. అంటే మన నల్లగొండ జిల్లా బండి. 2005 మోడల్. నంబరు ప్లేటు మీద ‘ఏపీ’ అన్న కాడ జిగురు మరక ఇంకా పోలేదు. ఇదేందన్నా అని అడిగితే ఆ అన్న నవ్విండు. “ఉద్యమంల టీజీ అని స్టిక్కర్ ఏసిన సారూ. పోలీసోళ్లు రెండుసార్లు పీకిన్రు. నేను మూడుసార్లు ఏసిన” అన్నడు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. టీఎస్ అన్నరు. పదేండ్ల తర్వాత, 2024 మార్చిలో, మనం ఉద్యమంలో బండ్ల మీద రాసుకున్న టీజీ అనే అక్షరాలే సర్కారు అక్షరాలైనయి. పాత బండ్లకు నంబరు మారలేదు కాబట్టి ఆ అన్న లారీ మాత్రం ఏపీ 24 తోనే తిరుగుతున్నది. ఇప్పుడు ఆయనకు నంబరు రంది లేదు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే మాట. “నా బండి ఉంటదా, పోతదా సారూ?”

ఈ రోజు నేను మాట్లాడేది ఆ ఒక్క మాట గురించే.

గాలి కూడ మనదే

ముందుగాల ఒక సంగతి తేల్చుకుందాం. మనం పొగ దిక్కు నిలబడి మాట్లాడతలేము. కాలుష్య నిబంధనలు వద్దనేందుకు ఈ సభ పెట్టలేదు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో తేల్చి చెప్పింది. ఆ పొగ ముందుగాల ఎవరి ముక్కులకు పోతది? బంజారాహిల్స్‌ల ఏసీ కారులో పోయేటాయన ముక్కులకు కాదు. ఇంజన్ పక్కన పన్నెండు గంటలు కూసునే డ్రైవర్ ముక్కులకు. లోడు మీద పండుకునే క్లీనర్ ముక్కులకు. షెడ్డుల ఇంజన్ స్టార్ట్ చేసి సైలెన్సర్ కాడ చెవి పెట్టి వినే మెకానిక్ పిలగాని ముక్కులకు. రోడ్డు పక్కన మిర్చి బజ్జీలు ఏసే అక్క ముక్కులకు.

కేంద్రం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం అని ఒకటి మొదలుపెట్టింది. గాలి ప్రమాణాలు అందుకోని పట్టణాల జాబితా ఒకటి చేసిన్రు. తెలంగాణ నుంచి అందులో హైదరాబాదు ఉన్నది, పటాన్‌చెరు ఉన్నది, మన నల్లగొండ ఉన్నది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా ఇది. నీళ్ల కోసం కొట్లాడినం. నీళ్లు, నిధులు, నియామకాలు అని రాసుకున్నం. ఆ మూడింటి పక్కన గాలి అన్న మాట మనం రాసుకోలేదు. ఇప్పుడు రాసుకోవాలె.

కాబట్టి పొగ తగ్గాలె. ఇందులో రెండో మాట లేదు. మన కొట్లాట వేరే కాడ ఉన్నది. పొగ తగ్గించేందుకు అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలె? ఇయ్యాళ ఆ ఖర్చంతా ఒక్కని నెత్తిన పెడుతున్నరు. పాత బండి ఆఖరి ఓనరు నెత్తిన.

ఇరవై ఏండ్లల్ల ఎక్కిన మెట్లు

విద్యార్థి మిత్రుల కోసం ఈ నిబంధనల కథ కొంచెం చెప్త.

మన దేశంల బండి పొగకు యూరప్ దారిలో మెట్ల లెక్కన నిబంధనలు వచ్చింది 2000 సంవత్సరంల. వాటికే తర్వాత భారత్ స్టేజ్ అని పేరు. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ కోసం గట్టిగ పట్టుబట్టడం దీని వెనుక ఉన్నది. తర్వాత రెండో మెట్టు, మూడో మెట్టు, నాలుగో మెట్టు వచ్చినయి. ఐదో మెట్టు ఎక్కకుండనే 2020 ఏప్రిల్ 1న ఒక్క దుముకుల ఆరో మెట్టు ఎక్కినం.

ఒక్కో మెట్టుకు ఎంత తేడా? ఇంట్ల కరెంటు మీటర్ల ఒక యూనిట్ అంటం గదా. లారీ ఇంజన్ అంత పని చేసేసరికి ఎంత మసి, ఎంత విషవాయువు వదలచ్చు అన్నదే లెక్క. 2000 సంవత్సరపు ఇంజన్ 0.36 గ్రాముల మసి వదలచ్చు. రెండో మెట్టుల అది 0.15. మూడో మెట్టుల 0.10. నాలుగో మెట్టుల 0.02. ఆరో మెట్టుల 0.01. అంటే ముప్పై ఆరు పాళ్ల మసి ఒక్క పాలుకు దిగింది. నైట్రోజన్ ఆక్సైడ్లు 8 గ్రాముల నుంచి అర గ్రాము లోపుకు వచ్చినయి. ఇది చిన్న మార్పు కాదు.

ఇంజన్ ఒక్కటి మారితే సాలదు, డీజిల్ కూడ మారాలె. డీజిల్ల గంధకం పది లక్షల పాళ్లకు 500 ఉండేది. 350 అయింది, 50 అయింది, ఇప్పుడు 10. గంధకం ఎక్కువున్న డీజిల్ పోస్తే కొత్త బండిల పొగను శుద్ధి చేసే పరికరాలు పాడైతయి. కొత్త లారీకి మసిని పట్టే జల్లెడ ఉంటది, యూరియా నీళ్లు పోసే టాంకి వేరే ఉంటది, సెన్సర్లు ఉంటయి, కంప్యూటర్ ఉంటది. ఇవన్నీ పాత బండికి తెచ్చి బిగిస్తమంటే అయ్యే పని కాదు. పాత ఇంజన్ వాటి కోసం పుట్టలేదు.

చట్టం ఒప్పుకున్న బండే గదా

ఇక్కడ ఒక ముచ్చట గుర్తు పెట్టుకోవాలె. ఈ మెట్లు దేశమంతా ఒక్కనాడు ఎక్కలేదు. 2005 ఏప్రిల్‌ల హైదరాబాదుతో సహా పదకొండు పెద్ద నగరాలకు మూడో మెట్టు పెట్టిన్రు. అదే రోజు నల్లగొండకు, వరంగల్లుకు, కరీంనగర్‌కు రెండో మెట్టు పెట్టిన్రు. 2010 దాకా అదే తీరు. నగరంల గాలి ఒకటి, జిల్లాల గాలి ఇంకొకటా? మన ఊపిరితిత్తులు రెండో రకమా? ఆ రోజు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. కంపెనీలు రెండో మెట్టు బండ్లను జిల్లాలల్ల అమ్ముకున్నయి. సర్కారు వాటికి రిజిస్ట్రేషన్ చేసింది, లైఫు పొడుగునా టాక్సు తీసుకున్నది. ఫైనాన్సోళ్లు అప్పిచ్చిన్రు, వడ్డీ గుంజుకున్నరు.

అంటే బయట చెట్టు కింద ఉన్న ఆ 2005 బండి దొంగ బండి కాదు. చట్టం ఒప్పుకున్న బండి. ఆ రోజు చట్టం అడిగింది ఎంతో అంత పొగనే వదిలే బండి. ఇయ్యాళ చట్టం మారింది. మారాలె, కాదంటలేము. కని అమ్మినోడు లాభం తీసుకొని పోయిండు, అప్పిచ్చినోడు వడ్డీ తీసుకొని పోయిండు, సర్కారు టాక్సు తీసుకున్నది. మిగిలింది ఎవరు? చేతుల తాళంచెవి ఉన్నోడు.

2017ల ఏమైందో యాది చేసుకోండి. ఏప్రిల్ 1 నుంచి నాలుగో మెట్టు అని ముందే తెలుసు. అయినా కంపెనీలు మూడో మెట్టు బండ్లు తయారు చేసుకుంటనే పోయినయి. మార్చి 29న సుప్రీంకోర్టు ఇక అమ్మొద్దని తీర్పిచ్చేనాటికి దేశం మొత్తం మీద దాదాపు 8 లక్షల 24 వేల బండ్లు అమ్ముడుపోకుండ ఉన్నయి. అందులో లారీలు, ఇతర వాణిజ్య వాహనాలే 96 వేలకు పైన. రెండు రోజుల్ల డిస్కౌంట్లు ఇచ్చి అమ్ముకునే కాడికి అమ్ముకున్నరు. మిగిలినవి బయటి దేశాలకు పంపే దారి వాళ్లకున్నది. కంపెనీకి నష్టం వచ్చింది నిజమే, కని దాన్ని పంచుకునే సత్తువ వాళ్లకున్నది. ఒక్క లారీ ఉన్నోనికి ఏ దేశం దారి ఉన్నది?

లారీ చేతులు మారే తీరు

ఉద్యోగ సోదరులకు లారీ లోకం సంగతి అంతగ తెలువకపోవచ్చు. కొత్త లారీ కొనేటోడు మామూలుగ పది, ఇరవై బండ్లున్న పెద్ద ఓనరు. ఐదారేండ్లు దూరపు లోడ్లు కొట్టి, కిస్తీలు తీరినంక అమ్ముతడు. రెండో ఓనరు రెండు మూడు బండ్లోడు. ఆయన ఇంకో ఆరేడేండ్లు నడిపి అమ్ముతడు. మూడో ఓనరు ఎవరంటే, పదిహేను ఇరవై ఏండ్లు ఒకరి బండి తోలి, పెండ్లాం పుస్తెలతాడు కుదువ పెట్టి, ఎకరమో అరెకరమో అమ్మి, నేను గూడ ఓనర్‌నైన అని బండికి కొబ్బరికాయ కొట్టిన డ్రైవర్. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. క్లీనర్ ఆయన కొడుకే. కొడుకు చదువుకుంటే క్లీనర్ ఉండడు.

ఈ మూడో ఓనరు బండి చేసే పని ఏంది? మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తెచ్చుడు. తాండూరు బండలు, ఇటుక, కంకర, ఇసుక మోసుడు. రామగుండంల బూడిద ఎత్తుడు. వడ్ల కొనుగోలు సెంటర్లకు లారీలు రాలేదని, బస్తాలు వానకు తడుస్తున్నయని రైతులు రోడ్డెక్కుడు మనం ప్రతి సీజన్ల చూస్తనే ఉన్నం. ఆ సీజన్ల దిక్కయ్యేది ఈ పాత బండ్లే. కొత్త లారీ ఓనరుకు కల్లం కాడ మూడు రోజులు ఆగితే కిస్తీ ఎల్లదు. పాత బండోడే ఆగుతడు. కాబట్టి ఇది లారీ ఓనర్ల ముచ్చట అని రైతులు పక్కకు జరగొద్దు.

చుట్టూ గీసిన గీతలు

పాత బండిని ఒక్క దెబ్బకు ఆపమని తెలంగాణల ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కటిగ గీతలు గీసుకుంట వస్తున్నరు.

మొదటి గీత పర్మిటు. మామూలు లారీకి పన్నెండేండ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఉండదు. ఎక్కువ యాక్సిళ్ల బండికి పదిహేనేండ్లు. అటెన్క బండి రాష్ట్రం లోపలనే తిరగాలె.

ఇక్కడ మన రాష్ట్రం కథ కలుస్తది. చేదు మాటే గని చెప్పుకోవాలె. 2014 ముందు రాష్ట్రం లోపల అంటే ఇరవై మూడు జిల్లాలు. కోదాడల లోడెత్తితే విజయవాడ దాకా, వాడపల్లి కాడ కృష్ణ దాటితే గుంటూరు దాకా సొంతిల్లే. రాష్ట్రం విడిపోయినంక అది పక్క రాష్ట్రమైంది. 2015 ఏప్రిల్ నుంచి సరిహద్దు పన్నుల లొల్లి మొదలైంది. నేషనల్ పర్మిట్ ఉన్న కొత్త బండికి ఇది పట్టలేదు, అది దేశమంతా తిరుగుతది. దెబ్బ పడ్డది పన్నెండేండ్లు దాటిన బండికే. పోయిన ప్రతిసారి టెంపరరీ పర్మిట్ తీసుకోవాలె. ఉద్యమంల రోడ్లకు అడ్డంగ బండి పెట్టి ‘జై తెలంగాణ’ అన్నోడే రాష్ట్రం వచ్చినంక ముందుగాల కిరాయి పోగొట్టుకున్నడు. అయినా ఆయన ఒక్కనాడు రాష్ట్రం ఎందుకొచ్చిందిరా అనలేదు. ఆ మాట అననందుకన్న ఆయనకు మనం బాకీ ఉన్నం.

రెండో గీత ఫిట్‌నెస్. మనం ఊర్లల్ల ‘బ్రేకు చేయించుడు’ అంటం. కొత్త బండికి ఎనిమిదేండ్ల దాకా రెండేండ్లకోసారి, తర్వాత ఏటేటా. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేండ్లు దాటిన పెద్ద లారీకి ఫిట్‌నెస్ ఫీజు 12,500 రూపాయలని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 నవంబర్‌ల మళ్లీ మార్చి, ఇరవై ఏండ్లు దాటిన పెద్ద బండికి 25,000 అన్నది. ఫీజు కట్టంగనే బండి పాసైనట్టు కాదు, ఫెయిలైతే మళ్లీ రిపేరు, మళ్లీ పరీక్ష. పరీక్ష చేసేందుకు అయ్యే ఖర్చు తీసుకుంటే అది ఫీజు. వయసు చూసి పెంచుకుంట పోతే అది ఫీజు కాదు, జుర్మానా. బండి పొగ వదిలినందుకు కాదు, ముసలిదైనందుకు జుర్మానా.

మూడో గీత పరీక్ష కేంద్రం. పెద్ద వాణిజ్య వాహనాలకు యంత్రాలతోనే ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి అని, 2023 ఏప్రిల్ 1 గడువు పెట్టిన్రు. దాన్ని 2024 అక్టోబర్ 1కి జరిపిన్రు. మనిషి చూసి సంతకం పెట్టుడు కన్న యంత్రం చూసుడు మంచిదే. లంచం తగ్గుతది. కని ఆ యంత్రం మనకు అందేంత దూరంల ఉండాలె, ఏ కారణానికి ఫెయిల్ అయిందో కాగితం మీద రాసియ్యాలె.

తుక్కు లెక్క

2021 ఆగస్టు 13న కేంద్రం తుక్కు విధానం తెచ్చింది. పాత బండిని తుక్కుకు ఇయ్యి, కొత్తది కొనుక్కో, రాయితీలు ఇస్తం అన్నరు. రండి, లెక్క చేద్దాం.

పెద్ద లారీ ఇయ్యాళ 30 లక్షలనుకుందాం. పాత బండికి తుక్కు కింద కొత్త బండి ధరల 4 నుంచి 6 శాతం వస్తదని ఆ విధానమే చెప్పింది. అంటే లక్షా 20 వేల నుంచి లక్షా 80 వేలు. 2024 ఆగస్టుల పెద్ద బండ్ల కంపెనీలు 3 శాతం డిస్కౌంట్ అన్నయి. అది 90 వేలు. రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ, రోడ్డు టాక్సుల 15 శాతం దాకా తగ్గింపు. 2025 సెప్టెంబర్ 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది మంచి పనే. ఇవన్నీ కలిపినా ఇంకా 27 లక్షలు కావాలె. నూటికి ఏడాదికి పన్నెండు వడ్డీ, ఐదేండ్ల గడువు అనుకుంటే నెలకు కిస్తీ 60 వేలు. సీజన్ల వడ్లు, సీజన్ అయినంక ఇటుక మోసేటోడు నెలకు 60 వేల కిస్తీ ఎక్కడికెల్లి కడతడు? ఆయనకు ఆ అప్పు ఇచ్చే బ్యాంకు ఏది?

ఇదే సమయంల సర్కారు ఏం చేసుకున్నది? 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేండ్లు దాటిన సర్కారు బండ్లకు, ఆర్టీసీ బస్సులకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదన్నరు. మంచిదే. ఆ పాత బండ్లను తుక్కు చేసే రాష్ట్రాలకు కేంద్రం యాభై ఏండ్ల గడువుతోని, వడ్డీ లేని అప్పు కింద పైసలు పెట్టింది. వినుండ్రి. సర్కారు బండి తుక్కుకు పోతే యాభై ఏండ్లు, వడ్డీ లేదు. పేదోని బండి తుక్కుకు పోతే ఐదేండ్లు, పన్నెండు వడ్డీ. సర్కారుకు తెలిసిన న్యాయమే మనకూ చెయ్యమంటున్నం, కొత్తది ఏం అడగతలేము.

ఢిల్లీ చెప్పే పాఠం, సముద్రం అవతలి పాఠం

ఇది మన ఒక్కరి కథ కాదు. ఢిల్లీల పదేండ్లు దాటిన డీజిల్ బండ్లు వద్దని 2015ల హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018ల సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకున్నది. ఏమైంది? అక్కడ చెల్లని బండ్లు ఎన్‌వోసీ తీసుకొని వేరే రాష్ట్రాలకు అమ్ముడుపోయినయి. ఢిల్లీ పొగ మాయం కాలేదు, పేద జిల్లాలకు వలస వచ్చింది. 2025 ఆగస్టుల సుప్రీంకోర్టు వయసు ఒక్కటే చూసి బండి ఓనర్ల మీద చర్యలు వద్దన్నది. డిసెంబర్‌ల ఆ రక్షణ నాలుగో మెట్టు, ఆ పై బండ్లకే అని సవరించింది. అంటే కోర్టు కూడ ఉత్త వయసు కాడికెల్లి ఇంజన్ మెట్టు కాడికి వచ్చింది. లారీల సంగతి చూస్తే, ఢిల్లీల రిజిస్టర్ కాని మూడో మెట్టు, అంతకన్న పాత సరుకు బండ్లకు 2025 నవంబర్ 1 నుంచి అక్కడ ప్రవేశం బంద్. నాలుగో మెట్టు బండ్లకు 2026 అక్టోబర్ 31 దాకా గడువు పెట్టిన్రు. ఇయ్యాళ ఢిల్లీల పెట్టింది రేపు హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీదికి రాదని ఎవరన్నా హామీ ఇస్తరా?

అమెరికాల లాస్ ఏంజిల్స్, లాంగ్ బీచ్ అని రెండు పెద్ద ఓడరేవులున్నయి. 2008 అక్టోబర్‌ల అక్కడ పాత లారీలను ఆపుకుంట వచ్చిన్రు. 2012 జనవరికి 2007 ప్రమాణం అందుకోని లారీ రేవులకు రావద్దన్నరు. గాలి బాగైంది, అది నిజం. కని కొత్త లారీల ఖర్చును చాలా కంపెనీలు డ్రైవర్ల మీదికే నూకినయి. నువ్వు ఉద్యోగివి కాదు, స్వతంత్ర కాంట్రాక్టరువు అని రాయించుకొని, లారీని లీజుకిచ్చి, వారం వారం జీతంల కోసుకున్నయి. వారమంతా బండి తోలి చేతికి ఏమీ రాని డ్రైవర్లున్నరు. 2017ల అక్కడి పత్రికలు ఈ కథలను బయటపెట్టినయి. గాలి శుభ్రమైంది, డ్రైవర్ అప్పుల పడ్డడు. అంత డబ్బున్న దేశంలనే అట్లయితే, మనం ముందే కండ్లు తెరవాలె.

మన ఇంటి తప్పులు

మందిని అడిగే ముందు మనల్ని మనం అడగాలె. పొగ సర్టిఫికెట్ ఎట్ల తీసుకుంటున్నం? బండి షెడ్డుల ఉంటది, కాగితం చేతికి వస్తది. ఇది నిజమా కాదా? నవ్వుతున్నరంటే నిజమే. పది టన్నుల బండిల పదహారు టన్నులు ఎత్తితే నల్లపొగ రాకుంటే ఏమొస్తది? అగ్గువకు దొరికిందని కల్తీ డీజిల్ పోసుడు, ఎయిర్ ఫిల్టర్ దులిపి దులిపి రెండేండ్లు నడుపుడు, పంపు సీలు తెంపి డీజిల్ ఎక్కువ పోయేటట్టు తిప్పుకొనుడు, ఇవన్నీ మన పనులే. ఇంజెక్టర్లు సరిజేసి, పంపు కాలిబ్రేషన్ చేయించి, లోడు కొలత మీద ఎత్తితే పాత బండి పొగ కూడ సగానికి సగం కండ్లకు కనబడకుండ పోతదని మెకానిక్ అన్నలే చెప్తరు.

ఇంకో నిజం గూడ ఒప్పుకోవాలె. పొగ పరీక్షల కొలిచేది పొగ చిక్కదనమే. నాలుగో మెట్టు ముందటి డీజిల్ బండికి 65 యూనిట్ల దాకా, తర్వాతి బండికి 50 దాకా ఒప్పుకుంటరు. నైట్రోజన్ విషం అందులో కొలవరు. కాబట్టి పొగ పరీక్ష పాసైనంత మాత్రాన రెండో మెట్టు బండి ఆరో మెట్టు బండితోని సమానం కాదు. ఒకనాడు పాత బండి పోవలసిందే. పోనియ్యం అని మొండికేస్తే మన పిల్లల ఊపిరికే మోసం. ఎట్ల పోవాలె, ఎప్పుడు పోవాలె, ఎవరి ఖర్చుతో పోవాలె, అదే మన కొట్లాట.

ఏం కావాలె?

ఐదు మాటలు చెప్పి ముగిస్త.

ఒకటి, వయసు మీద జుర్మానా తీసెయ్యాలె. పొగను, బ్రేకును, చాసిస్‌ను కొలిచి ఫెయిలైతే ఆపుండ్రి. రిపేరుకు గడువియ్యిండ్రి. ఇరవై ఏండ్లని 25 వేలు గుంజొద్దు.

రెండు, జిల్లాకొక పరీక్ష కేంద్రం కావాలె. ఫలితం కాగితం తెలుగుల, ఓనరు చేతికి రావాలె.

మూడు, ఒక్క లారీ మీద బతికే ఓనర్-డ్రైవర్‌ను వేరే లెక్కల చూడాలె. వంద బండ్ల ఓనరుకు, ఆయనకు ఒకే రాయితీ అంటే రాయితీ అంతా వంద బండ్లోనికే పోతది.

నాలుగు, ఇది అన్నిటికన్న ముఖ్యం. రాయితీ కొత్త బండికే ఎందుకు? రెండో మెట్టు బండి తుక్కుకిచ్చి, 2018ల తయారైన నాలుగో మెట్టు సెకండ్‌హ్యాండ్ లారీ కొనుక్కుంటే గూడ రాయితీ ఇయ్యాలె, వడ్డీ భారం సర్కారు మోయాలె. ఇందాక లెక్క యాదున్నదా? 0.15 కాడికెల్లి 0.02. ఒక్క మెట్టు దాటినందుకే కాదు, మసి ఏడు పాళ్లు తగ్గినందుకు ఇయ్యమంటున్నం. కొత్త లారీ ధరల కొంత పెడితే సరిపోతది. పేదోడు ఎక్కగలిగిన మెట్టు అది.

ఐదు, తెలంగాణ, ఆంధ్ర రెండు సర్కార్లు కూసొని ఏడాదికొక్క ఫీజుతోని రెండు దిక్కులా తిరిగే పర్మిట్ ఒప్పందం చేసుకోవాలె. రాష్ట్రాలు వేరైనా వడ్లు, సిమెంటు, బియ్యం అటూ ఇటూ పోతనే ఉంటయి.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీకొక పని. మీ మండలంల లారీ అడ్డా మీదికి పోండి. ఎవరి బండి ఏ సంవత్సరానిది, ఎన్నో ఓనరు, అప్పెంత, ఏటా ఫిట్‌నెస్‌కు ఎంతైతున్నది రాయండి. ఉద్యమంల నీళ్ల లెక్క, ఉద్యోగాల లెక్క మనమే తీసి చూపినం గనుకనే ఢిల్లీ విన్నది. లెక్క లేని ఏడుపును ఎవరూ వినరు. ఉద్యోగ మిత్రులారా, రవాణా శాఖల పనిచేసే సోదరులారా, ఆ కౌంటర్ ముందట నిలబడ్డోడు సకల జనుల సమ్మెల నలభై రెండు రోజులు మీతోని నడిచినోడే. ఆయనకు రూలు చెప్పేటప్పుడు రాయితీ గూడ చెప్పండి.

చెట్టు కింద ఉన్న ఆ అన్నకు ఇప్పుడు జవాబు చెప్త. అన్నా, నీ బండి ఒకనాడు పోతది. అది పోయే రోజు నీ చేతుల ఇంకో తాళంచెవి ఉండాలె. అది ఉండేటట్టు కొట్లాడుడు మా అందరి పని.

జై తెలంగాణ!